లోడుకి లెక్కుంది, డ్రైవరుకి లేదు

లారీకి లోడు ఎక్కగానే కొన్ని కాగితాలు పుడతాయి. సరుకు అమ్మినవాడి ఇన్వాయిస్, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు రాసిచ్చే ఎల్.ఆర్., కాటా చీటీ, 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు. ఈ-వే బిల్లు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. సరుకేంటి, దాని విలువెంత, అమ్మిందెవరు, కొన్నదెవరు, ఎన్ని కిలోమీటర్లు, బండి నెంబరెంత అన్నీ వుంటాయి. బండి నడిపే మనిషి పేరు రాయటానికి గడే లేదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు పుస్తకంలో అయితే డ్రైవరు పేరు, లైసెన్సు నెంబరు, ఫోన్ నెంబరు రాసుకుంటారు. అది అతని పనిని లెక్కగట్టటానికి కాదు. సరుకు తగ్గినా, బండి కనపడకపోయినా పట్టుకోవటానికి. అంటే కాగితాల్లోకి డ్రైవరు రావటమే అనుమానితుడుగా వస్తాడు.

దేశంలో సరుకు రవాణా దాదాపు 70 శాతం రోడ్డు మీదే జరుగుతోందని నీతి ఆయోగ్ 2021లో లెక్క చెప్పింది. బియ్యం, ఉప్పు, మందులు, సిమెంటు, బడిపిల్లల పుస్తకాలు, ఆస్పత్రి ఆక్సిజను, ఎన్నికల యంత్రాలు అన్నీ ఎవరో ఒకరు రాత్రంతా నిద్ర మానుకుని తెచ్చినవే. వీటి గురించి మాట్లాడేటప్పుడు మనం రైతు అంటాం, వ్యాపారి అంటాం, వినియోగదారుడు అంటాం. అర్థశాస్త్రం పుస్తకాల్లో 'రవాణా ఖర్చు' అని ఒక అంకె వుంటుంది. అందులో డీజిలు, టైర్లు, టోలు, మనిషి అన్నీ కలిసిపోయి వుంటాయి. రవాణా కూడా విలువను పుట్టించే ఉత్పత్తేనని మార్క్స్ 'పెట్టుబడి' రెండో సంపుటంలో వాదించాడు. మన మార్క్సిస్టు మిత్రులు మాత్రం కార్మికుడంటే ఎక్కువగా గేటున్న ఫ్యాక్టరీలోవాడినే చూశారు. గేటు లేని కార్మికుడు వాళ్ల చూపుకి సరిగా ఆనలేదు.

డ్రైవరు శ్రమని గుర్తించకపోవటం మరుపు వల్ల జరిగింది కాదని నా వాదన. అతను అందరికీ కావాలి, కానీ లెక్కలో వుండకూడదు. ఈ రెండూ ఒకేసారి జరిగే ఏర్పాటు మనకి కొత్తది కాదు. వూరికీ వాడకీ మధ్య వందల ఏళ్లుగా నడిచింది ఇదే. లారీ డ్రైవర్లంతా దళితులని నేననటం లేదు. నేను తిరిగిన యార్డుల్లో మాల, మాదిగ, దూదేకుల, వడ్డెర, లంబాడీ, యాదవ, ముస్లిం అందరూ కనిపించారు, పేద అగ్రకులాల వాళ్లూ కొందరు కనిపించారు. నేననేది, ఆ సీటులో కూర్చున్నవాడి పట్ల సమాజం నడుచుకునే పద్ధతి కులం నేర్పిన పద్ధతి అని.

ఒక్క చేపల లారీ సంగతి తీసుకుందాం. కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి ఎక్కువ భాగం మనం తినం. అవి బెంగాలుకి, బీహారుకి, అస్సాంకి పోతాయి. చేప పట్టిన రోజే ఐసు కొట్టి, ట్రేలలో ఒక వరస ఐసు ఒక వరస చేప వేసి లోడు కడతారు. అక్కణ్నుంచి తాడేపల్లిగూడెం, రాజమండ్రి, అన్నవరం, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం దాటి, ఒరిస్సాలో బరంపురం, భువనేశ్వరం, బాలాసోర్ మీదుగా ఖరగ్‌పూర్, హౌరా. వెయ్యి కిలోమీటర్లు దాటిన దారి. దీన్ని 2010లో 16వ నెంబరు జాతీయ రహదారిగా మార్చినా పాత డ్రైవర్లు ఇప్పటికీ 'ఐదో నెంబరు' అనే అంటారు.

ఈ లారీలో గడియారం ఐసే. అది కరిగేలోపల బండి చేరాలి. అది డ్రైవరు ఆకలిని ఆగనివ్వదు, నిద్రని ఆగనివ్వదు. గోదావరి బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగినా, ఒరిస్సాలో తుఫాను గాలి కొట్టినా, చెక్‌పోస్టు దగ్గర ఎవరైనా చెయ్యి చాచినా ఐసు కరుగుతూనే వుంటుంది. ఆలస్యమైతే వేలంలో రేటు పడిపోతుంది. ఆ నష్టంలో కొంత చాలాచోట్ల డ్రైవరు బత్తాలోంచే కోస్తారు. బండి టైముకి చేరితే మాత్రం లాభంలో అతనికి వాటా లేదు. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో వుందని మంత్రులు చెప్పుకుంటారు. చెరువు యజమానిని, మేత కంపెనీని, ఎగుమతిదారుని వేదికెక్కించి శాలువాలు కప్పుతారు. చెరువు గట్టునుంచి హౌరా దాకా ఆ చేపని చేపగానే చేర్చినవాడు ఆ లెక్కలో ఎక్కడా రాడు. అతను చేర్చకపోతే అది చేప కాదు, కుళ్లు.

ఇక ఆ పనిలో వున్న విద్య గురించి. చదువుకున్నవాళ్లకి డ్రైవింగంటే స్టీరింగు తిప్పటం. లారీ డ్రైవరుకి అది పనిలో చిన్న భాగం. లోడు ముందుకెంత పడాలి, వెనక్కెంత పడాలి, పైకెంత లేవాలి అన్నది హమాలీలతో కలిసి చూసుకోవాలి. పట్టా కప్పి తాడు బిగించటం ఒక పెద్ద పని. ముడి ఎక్కడ వెయ్యాలో తెలియకపోతే వంద కిలోమీటర్లకే పట్టా గాలికి చిరుగుతుంది. ఇనప రాడ్డుతో టైరుని కొట్టి, ఆ మోతని బట్టి గాలి ఎంతుందో చెప్తారు. ఘాటు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా గేరుతోనే బండిని పట్టుకోవాలి, లేకపోతే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టదు. ఇంజను శబ్దంలో తేడాని బట్టి ఏ భాగం పోబోతోందో ముందే పసిగడతారు. బళ్లో తెలుగు అక్షరాలు కూడా పూర్తిగా దిద్దనివాడు ఒరియా, బెంగాలీ, హిందీ, తమిళం మాట్లాడి పని చక్కబెట్టుకుని వస్తాడు. మా చిన్నాన్న రెండో తరగతి చదివాడు. నేను యూనివర్సిటీలో చేరాక కూడా ఆయనకొచ్చినన్ని భాషలు నాకు రాలేదు.

ఇంత విద్యకి సర్టిఫికెట్టు లేదు, గురువుకి పేరు లేదు. క్లీనరుగా చేరి, బండి తుడిచి, జాకీ ఎక్కించి, స్టెప్నీ మార్చి, రాత్రిళ్లు డ్రైవరు పక్కన మేలుకుని కూర్చుని, తిట్లు తిని నేర్చుకోవాలి. ఆ పేరు చూడండి. నేర్చుకునేవాడిని ఇంగ్లీషువాడు అప్రెంటిసు అంటాడు. మన రోడ్డు మీద మాత్రం వాడు 'క్లీనరు'. విద్యార్థి అనాల్సినవాడిని శుభ్రం చేసేవాడని పిలవటం మన సమాజానికే సాధ్యం. ఇప్పుడు చాలామంది ఓనర్లు ఖర్చు కలిసొస్తుందని క్లీనరుని తీసేశారు. రెండు పనులూ డ్రైవరే చేస్తున్నాడు, వెనకాల నేర్చుకునేవాడు లేడు. పదేళ్లు పోయాక డ్రైవర్లు దొరకటం లేదని గగ్గోలు పెట్టేదీ ఈ ఓనర్లే.

సర్కారు కూడా ఈ విద్యని విద్యగా చూడలేదు. ఎనిమిదో తరగతి పాసైతేనే రవాణా వాహనాలకి లైసెన్సు అనే నిబంధన కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2019 దాకా వుంది. బడి గుమ్మం తొక్కనివ్వని కులాల పిల్లలకి ఇది రెండో శిక్ష. ముందు బడి లేదు, తర్వాత బడి లేదు కాబట్టి బతుకుతెరువూ లేదు. లైసెన్సు కోసం దొంగ సర్టిఫికెట్లు కొనుక్కోవాల్సొచ్చిన కుటుంబాలు వాడల్లో కనిపిస్తాయి. ఆ నిబంధన ఎత్తేసింది కూడా ఈ అన్యాయాన్ని చూసి మాత్రమే కాదు. రవాణా రంగానికి డ్రైవర్లు చాలటం లేదన్న లెక్క కూడా అందులో వుంది.

బండి ఎవరిది అన్న ప్రశ్న దగ్గరికొద్దాం. కోస్తా డెల్టాలో కాలవ నీళ్లతో మిగులు సంపాదించిన రైతు కులాలు ఆ డబ్బుని రైసు మిల్లుల్లోకి, సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి, రవాణాలోకి మళ్లించాయి. కోస్తా రైతు పెట్టుబడిదారుల గురించి కేరోల్ ఉపాధ్య 1988లో రాసిన వ్యాసం ఈ క్రమాన్ని వివరించింది. విజయవాడ లారీలకి పెద్ద కేంద్రంగా ఎదగటం వెనకాల వున్నది ఈ కథే. పొలంలో పాలేరుగా వున్నవాడి కొడుకు లారీలో డ్రైవరయ్యాడు. దొర కొడుకు ఓనరయ్యాడు. పొలం పోయి చక్రాలొచ్చాయి, సంబంధం మాత్రం చాలావరకు అట్లానే వుంది. పాలేరుకి గింజలు, డ్రైవరుకి బత్తా. ఇద్దరికీ రాతకోతలు లేవు. పండక్కి బట్టలు పెట్టటం, కూతురి పెళ్లికి అప్పివ్వటం, ఆ అప్పు తీరేదాకా బండి దిగనివ్వకపోవటం కూడా పాత వాసనే. సొంతంగా ఒక్క లారీ కొనుక్కుని తానే నడుపుకునే డ్రైవర్లు కూడా వున్నారు. వాళ్లకి ఫైనాన్సు కంపెనీయే ఓనరు.

'లారీల సమ్మె' అని పేపర్లో వచ్చేదాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. మామూలుగా అది ఓనర్ల సంఘాల సమ్మె. డీజిలు ధర, టోలు, ఇన్సూరెన్సు ప్రీమియం అందులో డిమాండ్లు. డ్రైవరు జీతం, పనిగంటలు ఆ కాగితంలో వుండవు. సమ్మె రోజుల్లో డ్రైవరుకి బత్తా కూడా వుండదు. అంటే ఓనరు హక్కుల కోసం డ్రైవరు పస్తుంటాడు, పైగా దాన్ని 'లారీ రంగం పోరాటం' అని రాస్తారు.

చట్టం మాటేమిటి? బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా వుండగా 1946లో ఫ్యాక్టరీల చట్టానికి తెచ్చిన సవరణతో వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. ఆ 48 గంటలు రోడ్డు మీద పనిచేసేవాళ్లకి కాగితం మీదన్నా రావటానికి ఇంకో 15 ఏళ్లు పట్టింది. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. ఏకధాటిగా 5 గంటలకి మించి పనిచేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి అంది. చదవటానికి బాగుంది. కానీ అది అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తిస్తుంది. మన దగ్గర ఒకటీ రెండు లారీలున్న ఓనర్లే ఎక్కువ. పది లారీలున్నవాడు కూడా రెండు తన పేర, రెండు భార్య పేర, మిగతావి బావమరిది పేర రాయించుకోవచ్చు. ఆ చట్టంలోనే ఇంకో మెలిక వుంది. టెర్మినల్ దగ్గర వూరికే కాచుకుని వుండే సమయం పావుగంట లోపైతేనే పనిగంటల్లో కలుస్తుంది. లోడు కోసం యార్డులో రెండు రోజులు, దింపటానికి గోడౌను దగ్గర ఒక రోజు బండిని విడవకుండా కాపలా వుండే మనిషి ఆ గంటలన్నీ ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ఆ చట్టం ఇప్పుడు లేదు. దాన్ని 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపేశారు. ఆ కోడ్‌ని 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. అందులో మోటారు రవాణా సంస్థ అంటే పదిమంది, అంతకు మించి కార్మికులు వుండాలి. అయిదుని పది చేశారు. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇచ్చి తీరాలని ఆ కోడ్‌లోనే వుంది, దాని గురించే ప్రచారం కూడా. ఆరుగురు డ్రైవర్లున్న ఓనరు నిన్నటిదాకా చట్టం లోపల వున్నాడు, ఇప్పుడు బయటపడ్డాడు. అతని డ్రైవర్లు అతనితోపాటే బయటపడ్డారు. ఇంకోవైపు సరుకు టైముని మాత్రం ప్రభుత్వం చాలా శ్రద్ధగా కొలుస్తుంది. 2021 జనవరి నుంచి ఈ-వే బిల్లుకి రోజుకి 200 కిలోమీటర్ల లెక్కన గడువు. అంతకుముందు 100 కిలోమీటర్లు వుండేది. గడువు దాటితే బండి ఆపేస్తారు. డ్రైవరు కళ్లు మూతలు పడే గడువుకి మాత్రం బిల్లు లేదు.

ఇదే స్టీరింగు ఆర్టీసీలో పట్టుకున్నవాడి బతుకు ఎట్లా వుందో పోల్చి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. 1958లో ఏర్పడిన ఏపీఎస్ఆర్టీసీలో డ్రైవరుకి యూనిఫారం, డ్యూటీ చార్టు, డిపోలో విశ్రాంతి గది, పీఎఫ్, యూనియను వున్నాయి. రిజర్వేషను వుంది. వాడల్లో మొదటి పక్కా ఇల్లు టీచరుదో, రైల్వే గ్యాంగుమానుదో, ఆర్టీసీ డ్రైవరుదో అయ్యుంటుంది. యాదాద్రి జిల్లా తండా నుంచి వచ్చిన వంకడావత్ సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరు కాగలిగింది, 2025లో తెలంగాణ ఆర్టీసీలోకి రాగలిగింది. అది ప్రభుత్వ రవాణా కాబట్టి సాధ్యమైంది. లారీ మొదట్నుంచీ ప్రైవేటు. అక్కడ రిజర్వేషను అడిగినవాడు లేడు, అడిగితే నవ్వుతారు. డ్రైవరు సీటుకి రిజర్వేషనెందుకు, అది మీకే కదా అంటారు. ఓనరు సీటు గురించి మాట్లాడరు. ఇప్పుడు ఆర్టీసీలో కూడా అద్దె బస్సులు పెరిగి, బస్సు ఆర్టీసీది లాగా కనిపిస్తూ డ్రైవరు ప్రైవేటు ఓనరు కిందికి పోతున్నాడు. రిజర్వేషను పోరాటం చేసేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి.

'రోడ్డు మీద కులం లేదు' అని డ్రైవర్లే చెప్తారు. దాబాలో ఒకే మంచం మీద కూర్చుని, ఒకే పళ్లెంలో రొట్టె తుంచుకుంటారు. ఇందులో నిజముంది, దాన్ని తీసిపారెయ్యకూడదు. వూళ్లో హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన రోజుల్లో మా చిన్నాన్న క్లీనరుగా లారీ ఎక్కింది కూలి ఎక్కువొస్తుందని కాదు. ఇచ్ఛాపురం దాటాక తననెవరూ 'ఎవురి పిల్లోడివిరా' అని అడగరని. ఆ మాట ఆయన ఎన్నిసార్లో చెప్పాడు. వూరి నుంచి పారిపోవటానికి మన పిల్లలకి దొరికిన కొన్ని దారుల్లో జాతీయ రహదారి ఒకటి.

అయితే ఆ రోడ్డుకి కూడా వెలివాడ వుంది. లారీలకి పగలు నగరంలోకి ప్రవేశం లేదు. హైదరాబాదులోకి భారీ వాహనం రాత్రి పూటే రావాలి, తెల్లారేలోపు పోవాలి. ట్రాఫిక్ కోసం ఈ ఏర్పాటు అవసరమే కావచ్చు. కానీ ఔటర్ రింగు రోడ్డు పక్కన నీడ లేక, మరుగుదొడ్డి లేక, నీళ్లు డబ్బా కొనుక్కుని, పగలంతా క్యాబిన్లో మగ్గే మనిషి గురించి ఆలోచించి చేసిన ఏర్పాటు మాత్రం కాదు. అందరూ లేచేలోపు వచ్చి పని చేసి కనపడకుండా పోవాలన్న నియమం ఎవరికుండేదో ఈ పత్రిక పాఠకులకి చెప్పనక్కర్లేదు. లారీ క్యాబిన్లో ఏసీ వుండాలన్న నిబంధన కూడా 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన బళ్లకే వచ్చింది. అప్పటిదాకా ఐసు మధ్య చేప చల్లగా వుంది, ఇంజను పక్కన మనిషి వుడికాడు. పాత బళ్లలో ఇప్పటికీ అంతే.

మోసేవాళ్లని ఇట్లా చూడటం లారీతో మొదలవలేదు. దక్కనులో దూర ప్రాంతాలకి సరుకు మోసిన మొదటి వాళ్లలో లంబాడీలున్నారు. వేల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని మొగలు సైన్యాలకీ, తర్వాత ఇంగ్లీషు సైన్యాలకీ తిండి చేర్చింది వాళ్లే. 'తండా' అంటే మొదట ఇళ్ల గుంపు కాదు, నడిచే ఎడ్ల బారు. అట్లాగే ఎరుకల వాళ్లు కోస్తా నుంచి ఉప్పుని ఎడ్ల మీద, గాడిదల మీద లోపలి జిల్లాలకి మోసి, బదులుగా ధాన్యం తెచ్చేవాళ్లు. రైళ్లొచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి ఆ వృత్తి పోయింది. వృత్తి పోయినవాళ్లకి ఇంకో వృత్తి చూపించలేదు, నేరస్తుల జాతి అని పేరు పెట్టారు. 1871లో మొదలైన ఆ చట్టం 1911 సవరించిన రూపంలో మద్రాసు రాజధానికి వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా పుట్టిన సెటిల్మెంటే. ఎరుకల చరిత్ర మీద మీనా రాధాకృష్ణ 2001లో తెచ్చిన పుస్తకం ఈ కథని వివరంగా చెప్తుంది. ఆ చట్టం 1952లో రద్దయింది, పోలీసు చూపు రద్దు కాలేదు. తెలంగాణలో వెట్టి కింద అధికారుల సామాను మోసింది, బండి ముందు పరిగెత్తింది, వూరి నుంచి వూరికి కబురు మోసింది మాల మాదిగలే. ఆ మోతకి కూలి లేదు, ఆలస్యమైతే దెబ్బలున్నాయి. మోసేవాడు లేకపోతే పని జరగదు, మోసేవాణ్ని నమ్మటానికి లేదు. ఈ రెండు మాటలూ కలిసే ప్రయాణం చేస్తూ వచ్చాయి.

ఇప్పుడు లారీ డ్రైవరు దగ్గరికి వచ్చేసరికి ఆ అనుమానం వేషం మార్చుకుంది. ఎయిడ్సు నియంత్రణ కార్యక్రమాల్లో దూరప్రయాణపు డ్రైవరుని 'వారధి జనాభా' అన్నారు. రోగాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటించేవాడని అర్థం. ఆరోగ్యశాఖ ఉద్దేశం చికిత్స అందించటమే కావచ్చు. వూళ్లోకి వచ్చేసరికి అది లారీ డ్రైవరుకి పిల్లనివ్వొద్దన్న మాటగా మారింది. వారాల తరబడి ఇల్లు చేరనివ్వని పని పద్ధతిని ఎవరూ రోగమనలేదు. అతను లేని రోజుల్లో పిల్లల్ని, ముసలాళ్లని, అప్పులవాళ్లని ఒంటిచేత్తో సంభాళించిన అతని భార్యని కూడా అదే అనుమానంతో చూశారు. ఆమె శ్రమ ఏ రవాణా ఖర్చులోనూ చేరదు.

కరోనా నాడు ఇది ఇంకా బాహాటంగా జరిగింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. మార్చి 29న, అత్యవసరమా కాదా అన్న తేడా లేకుండా అన్ని సరుకుల రవాణాకీ కేంద్రం అనుమతించింది. రహదారి పక్క దాబాలు, లారీ రిపేరు షాపులు తెరవొచ్చని చెప్పింది ఏప్రిల్ 15న. అవి తెరుచుకుంది 20 నుంచి. సరుక్కి అనుమతి దొరికాక మూడు వారాలకి గానీ సరుకు మోసేవాడి అన్నానికి అనుమతి దొరకలేదు. ఆ నెలలోనే విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పేకాట వల్ల 24 మందికి వైరస్ అంటిందని జిల్లా కలెక్టరే వీడియోలో చెప్పాడు, దేశమంతా పేపర్లు అచ్చేశాయి. దేశమంతా తలుపులేసుకుని కూర్చున్నప్పుడు అతని వృత్తిలోవాళ్లు ఏం తెచ్చారో ఆ వార్తల్లో రాలేదు. పేకాట వచ్చింది. విమానంలో వచ్చినవాడు 'ప్రయాణికుడు' అయ్యాడు, లారీలో వచ్చినవాడు రోగం మోసుకొచ్చినవాడయ్యాడు.

ఇక 2023 భారతీయ న్యాయ సంహిత. పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యం వల్ల చావుకి కారణమైతే గరిష్ఠంగా రెండేళ్లు. కొత్త సంహిత 106(2)లో, ప్రమాదం చేసి పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా. చనిపోయినవాళ్లలో నడిచిపోయే పేదలూ, సైకిలు తొక్కే కూలీలూ ఎక్కువగా వుంటారు, వాళ్లకి న్యాయం కావాలి. దాన్ని కాదనేవాడు మనవాడు కాదు. కానీ డ్రైవరు ఎందుకు పారిపోతాడో చట్టానికి తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనులో, గాయపడినవాడికి వైద్యం అందించే బాధ్యత డ్రైవరుదేనని చెప్తూ, గుంపు కోపం వల్ల సాధ్యం కాకపోతే తప్ప అని మినహాయింపు పెట్టారు. గుంపు కొట్టి చంపుతుందని ఒక చట్టం ఒప్పుకుంది, ఇంకో చట్టం పదేళ్లు వేస్తానంది. 2024 జనవరి 1న డ్రైవర్లు బండ్లు ఆపేశారు. ఇది ఓనర్లు పిలిస్తే వచ్చిన సమ్మె కాదు, స్టీరింగు పట్టుకున్నవాళ్లు తమంతట తాము దిగిన సమ్మె. మర్నాటికి హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి అన్నం పట్టుకెళ్లిన వీడియో చూసి అందరూ నవ్వుకున్నారు. ఆ రాత్రే కేంద్రం చర్చలకి దిగింది. 2024 జులై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క సబ్‌సెక్షనుని పక్కన పెట్టారు. పని ఆగితే తప్ప ఆ పని చేసేవాడు వున్నాడని తెలియలేదు.

ఏటా జనవరిలో రోడ్డు భద్రత పేరుతో డ్రైవర్లకి గులాబీ పువ్విచ్చి, కళ్లు పరీక్ష చేయించి, నిద్రపోకుండా నడపమని ఉపన్యాసమిస్తారు. కళ్ల పరీక్ష మంచిదే. నిద్ర గురించి చెప్పాల్సింది మాత్రం అతనికి కాదు, లోడు టైము నిర్ణయించినవాడికి. గుర్తింపంటే పువ్వు అయితే అది మనకొద్దు. పనిగంటల లెక్క, పేరున్న కాగితం, కాళ్లు చాపుకునే చోటు, ఇవి గుర్తింపు.

ఇందులో కార్యకర్తలూ విద్యార్థులూ రేపట్నుంచే చెయ్యగలిగిన పని వుంది. డ్రైవరు ప్రమాదంలో చనిపోతే నష్టపరిహారం కేసులో ఓనరు తరఫువాళ్లు మొట్టమొదట అనే మాట, 'ఇతను మా దగ్గర పనిచెయ్యలేదు' అని. 1923 చట్టం కింద నడిచిన కేసుల్లోనూ ఇదే, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్ కిందా ఇదే వుంటుంది. నియామక పత్రం లేని చోట దాన్ని రుజువు చేసేవి చిన్న చిన్న కాగితాలు. బత్తా రాసిన చీటీ, ఫోనులో ఓనరు పంపిన డబ్బు వివరం, టోలు రసీదు, కాటా చీటీ మీద సంతకం, లోడింగు పాయింటు దగ్గర బండితో దిగిన ఫోటో, లైసెన్సు నకలు. వీటిని డ్రైవరు క్యాబిన్లోనే పెట్టుకుంటాడు, ప్రమాదంలో బండితోపాటు అవీ పోతాయి. కాబట్టి ఒక్కో ట్రిప్పు కాగానే ఫోటో తీసి ఇంట్లోవాళ్ల ఫోనుకి పంపించుకోమని చెప్పాలి. భార్యకో కూతురికో ఒక నోటు పుస్తకం ఇచ్చి బయలుదేరిన తేదీ, బండి నెంబరు, ఎక్కడికి, ఎంత బత్తా, ఎప్పుడు తిరిగొచ్చాడు అని రాయించాలి. 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు లేనివాళ్లని చేర్పించాలి. వాడల్లో ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇది సాధ్యమే. ఆర్నెల్లు రాసిన పుస్తకాలు ఒక ఇరవై చేతికొస్తే ఒక డ్రైవరు నెలకి ఎన్ని గంటలు బండి మీద వుంటాడో, అందులో ఎన్ని గంటలకి కూలి దొరికిందో మనమే లెక్కగట్టొచ్చు. మా వాడలో నాలుగిళ్లల్లో మొదలుపెట్టాం. మూడిళ్లల్లో రాస్తున్నది ఆడపిల్లలే.